సోమశిల నీళ్ళలో మట్టి ఎంతుందో కొలవడం ఎలా

పెన్నకు కొత్తనీరు దిగిందంటే తాగునీటి ఫిల్టర్ బెడ్ దగ్గర పనిచేసేవాళ్ళం మొదట అడిగేది స్టోర్లో పటిక ఎన్ని బస్తాలుందని. నెల్లూరు జిల్లాలో అలాంటి ఒక ల్యాబ్‌లోనే నా ఉద్యోగమంతా గడిచింది. రిటైరైనా ఆ ధ్యాస పోలేదు. పెన్న మీద కట్టిన సోమశిల జలాశయం వైపు వెళ్తే సీసాలు, తాడు నా సంచిలో ఉంటాయి. ఆత్మకూరు, అనంతసాగరం వైపు డిగ్రీ పిల్లలు, వ్యవసాయం చేసుకునే కుర్రాళ్ళు కొందరు అడుగుతుంటారు: "డ్యామ్ పూడిపోతోందంటారు కదా సార్, ఆ మట్టి ఎంతో మనం కొలవొచ్చా?" కొలవొచ్చు. పెద్ద ఖర్చు లేని పద్ధతి ఉంది, కాలేజీ ల్యాబ్ ఉంటే ఇంకా పక్కాగా చేసే పద్ధతీ ఉంది. రెండూ రాస్తున్నాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయి, ఎంత కలకగా ఉన్నాయి, లీటరుకు ఎంత బరువు మట్టి ఉంది అనేవి మూడు వేర్వేరు కొలతలు. తేట అంటే కంటిచూపు ఎంత లోతుకు పోతుందనేది, దాన్ని మీటర్లలో చెబుతాం. కలక అంటే నీటిలోని రేణువులు వెలుగుని ఎంత చెదరగొడుతున్నాయనేది, దాని యూనిట్ ఎన్‌టీయూ. మట్టి బరువు లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని వస్తుంది. ఒకటి తెలిస్తే మిగతా రెండూ తెలిసినట్టే అనుకుంటారు చాలామంది. గుప్పెడు కందులు గాల్లోకి విసరండి, అవతలి గోడ కనిపిస్తూనే ఉంటుంది. అదే బరువు కందిపిండి విసిరితే ఏమీ కనిపించదు. సన్న బంకమట్టి, ఇసుక కూడా అంతే. బరువు ఒకటే అయినా బంకమట్టి నీళ్ళని చాలా ఎక్కువ కలకగా చూపిస్తుంది.

సోమశిలలో ఈ తేడా మరీ ముఖ్యం, ఎందుకంటే ఇక్కడికి ఒకే రకం మట్టి రాదు. కుందూ, చిత్రావతి, పాపఘ్ని, సగిలేరు, చెయ్యేరు అన్నీ పెన్నలో కలిశాకే నీరు సోమశిలకు చేరుతుంది. కుందూ నల్లరేగడి నేలల మీదుగా వస్తుంది. శ్రీశైలం నిండినప్పుడు పోతిరెడ్డిపాడు నుంచి వదిలే కృష్ణా నీళ్ళు కూడా ఆ దారినే వచ్చి పెన్నలో పడతాయి. చెయ్యేరు వరద అలా కాదు, ఈశాన్య రుతుపవనాల వానలకు ఒక్కసారిగా ఎర్రగా విరుచుకుపడుతుంది. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆ వరద చేరింది కూడా ఈ జలాశయానికే. కాబట్టి ఆగస్టులో ఒక కొలత, నవంబరులో ఒక కొలత తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టేటప్పుడు ఆ నీళ్ళు ఏ దారిన వచ్చాయో కూడా రాసి ఉండాలి.

చోట్లు ఎంచుకోవడం

నాలుగు చోట్లు చాలు. ఒకటి కట్టకు దగ్గరగా, లోతైన చోట. ఒకటి నడిమధ్య. ఒకటి పెన్న వచ్చి కలిసే వైపు, అంటే కడప జిల్లా దిక్కున వెనక జలాల్లో. ఇంకొకటి ఏ వాగూ పడని ఒక పక్క మూలలో. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి, దాంతో పాటు ఒడ్డున కనిపించే గుర్తు ఒకటి కూడా రాసుకోండి, ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజు ఆ గుర్తే దారి చూపిస్తుంది. ఒకసారి ఎంచుకున్నాక చోటు మార్చొద్దు. ప్రతిసారీ కొత్త చోట కొలిస్తే నీరు మారిందో చోటు మారిందో చెప్పలేం.

డ్యామ్ సిబ్బందికి చెప్పకుండా నీళ్ళలోకి దిగకండి. గేట్లు ఎత్తే రోజుల్లో కట్ట వైపు పడవ పోనివ్వొద్దు. లైఫ్ జాకెట్ లేనివాడిని పడవ ఎక్కించొద్దు, ఎంత ఈత వచ్చినా సరే. చేపలు పట్టే అన్నల్లో నీళ్ళు తెలిసినవాళ్ళని వెంట తీసుకెళ్ళండి, ఆ పూట కూలి వాళ్ళకి ఇవ్వండి.

సెక్కీ పళ్లెం

1865లో ఏంజెలో సెక్కీ అనే ఇటలీ మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త కూడా, పోప్ ఓడ మీద నుంచి మధ్యధరా సముద్రంలోకి తెల్లని పళ్లేలు దించి అవి ఎంత లోతున మాయమవుతాయో చూశాడు. ఇప్పటికీ ప్రపంచమంతా తేటని ఆ పద్ధతిలోనే కొలుస్తున్నారు. ఇంత చవకైన పరికరం ఇంత కాలం నిలబడిందంటే దాని మీద నాకు గౌరవం కలుగుతుంది.

చెరువులు, జలాశయాలకు వాడే పళ్లెం 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మందపాటి పీవీసీ షీటు గాని అల్యూమినియం రేకు గాని గుండ్రంగా కోయించి, నాలుగు భాగాలుగా గీసి, ఒకటి నలుపు ఒకటి తెలుపు చొప్పున ఎదురెదురుగా పెయింట్ వేయండి. మెరిసే పెయింట్ వద్దు, ఎండ పడి తళుక్కుమంటే లోతు తప్పొస్తుంది. మధ్యలో బోల్టు వేసి కింద కిలో, కిలోన్నర ఇనప బరువు కట్టండి. లేకపోతే గాలికి, ప్రవాహానికి పళ్లెం పక్కకి కొట్టుకుపోతుంది, తాడు ఏటవాలుగా దిగుతుంది, లోతు ఎక్కువ చూపిస్తుంది. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, కాబట్టి దాని మీద గుర్తులు పెట్టి నమ్ముకోవద్దు. సర్వే వాళ్ళు వాడే ఫైబర్ టేపు కట్టుకుంటే గుర్తుల గొడవే ఉండదు.

కొలిచే టైము పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు మధ్య. సూర్యుడు నెత్తి మీదికి వచ్చే కొద్దీ వెలుగు లోపలికి తిన్నగా దిగుతుంది. పడవకి నీడ పడే వైపు కూర్చోండి, నీటి మీద ఎండ మెరుపు కళ్ళలో పడదు. కూలింగ్ గ్లాసులు తీసేయాలి, చూపుకి పెట్టుకునే కళ్ళజోడు మాత్రం ఉంచుకోవచ్చు. పళ్లేన్ని నెమ్మదిగా దించండి. తెలుపూ నలుపూ కలిసిపోయి మాయమైన చోట టేపు చూసి రాయండి. ఇంకొంచెం దించి, మళ్ళీ మెల్లగా పైకి లాగండి, మొదట కనబడిన చోట రాయండి. 84 సెంటీమీటర్ల దగ్గర మాయమై 78 దగ్గర తేలితే ఆ రోజు తేట 81 సెంటీమీటర్లు. ఇలా మూడుసార్లు చేసి సరాసరి తీయండి. తర్వాత పక్కవాళ్ళకి ఇచ్చి మీ అంకె చెప్పకుండా వాళ్ళని కొలవమనండి. ఇద్దరి కొలతలకీ పదో వంతు కంటే ఎక్కువ తేడా వస్తే ఇంకోసారి చేయండి.

వెనక జలాల్లో లోతు తక్కువైన చోట పళ్లెం అడుగున కూర్చున్నాక కూడా కనిపిస్తుంటుంది. అప్పుడు ఆ లోతునే తేటగా రాయకూడదు, "అడుగు కనిపించింది, 1.4 మీటర్ల కంటే ఎక్కువ" అని రాయాలి. అడుగు బురదని పళ్లెంతో కదపకండి, కదిపితే ఆ చోట సీసా నింపడానికి వీలుండదు.

ఎండాకాలంలో నీరు నిలిచి పాచి పట్టినప్పుడు కూడా పళ్లెం త్వరగా మాయమవుతుంది. అది మట్టా, పాచా అన్నది పళ్లెం చెప్పదు. సెక్కీ లోతుని బట్టి చెరువులో ఎరువుల సారం ఎంతుందో చెప్పే ఒక సూచికని కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త 1977లో తయారు చేశాడు, ఇంటర్నెట్‌లో దాని కాలిక్యులేటర్లు దొరుకుతాయి. కలకకి పాచే కారణమైన సరస్సులకే అది సరిపోతుంది. పెన్న బురద దిగిన నీళ్ళకి దాన్ని వాడొద్దు. మాయమైన లోతుతో పాటు నీటి రంగు ఒక్క మాటలో రాయండి: ఎరుపు, బూడిద, ఆకుపచ్చ. ఆ ఒక్క మాట తర్వాత చాలా పనికొస్తుంది.

లోపలి నీళ్ళు పట్టడం

ఇక్కడ తొందరపడొద్దు, ఎందుకంటే పైన ముంచిన సీసా చాలాసార్లు అసలు కథ చెప్పదు. బురద కలిసిన వరదనీరు తేటనీటి కంటే బరువు. జలాశయంలోకి రాగానే అది పైన పరుచుకోకుండా కిందికి మునిగి, పాత నది గర్భం వెంట అడుగునే పాకుతూ కట్ట దాకా వస్తుంది. పైన చూస్తే నీరు నిన్నటిలాగే ఉంటుంది. ఒకసారి వరద దిగిన కాలంలో పడవ నడిపే అన్న నాతో ఇలా అన్నాడు: "కలక పైన కనపడదు సార్, అడుగునుండాది. వల ఎత్తితే కింద మూరెడు ఎర్రంగా వస్తుండాది." ల్యాబ్ పుస్తకంలో ఉన్న విషయాన్ని ఆయన వల చూసి చెప్పాడు. చోట్లు ఎంచుకునే ముందు ఇలాంటి వాళ్ళని అడగండి.

కాబట్టి ప్రతి చోటా మూడు లోతుల్లో నీళ్ళు పట్టాలి: పైనుంచి అర మీటరు కింద, సగం లోతులో, అడుగుకి ఒక మీటరు పైన. ఇందుకు వాన్ డోర్న్ శాంప్లర్ అనే పరికరం ఉంది. రెండు మూతలూ తెరిచి ఉన్న గొట్టాన్ని దించి, తాడు వెంట చిన్న బరువు జారవిడిస్తే అది తగిలి మూతలు పడిపోతాయి. కొనలేకపోతే మందపాటి లీటరు సీసాకి బరువు కట్టి, మూతికి రబ్బరు బిరడా పెట్టి, బిరడాకి విడిగా ఒక తాడు కట్టండి. కావలసిన లోతుకి దించాక ఆ తాడు గట్టిగా లాగితే బిరడా ఊడి నీళ్ళు నిండుతాయి, బుడగలు రావడం ఆగిందాకా ఉంచి పైకి లాగండి. పది మీటర్ల లోపే దీన్ని వాడండి. అక్కడ బయటి ఒత్తిడి సీసా లోపలి గాలి ఒత్తిడికి రెట్టింపవుతుంది, ఆ కింద బిరడా ఊడిరావడం కష్టం.

సీసా మెడ దాకా నింపకండి, కుదపడానికి కాస్త ఖాళీ కావాలి. తేదీ, టైము, చోటు, లోతు సీసా మీద అక్కడికక్కడే రాయండి, ఒడ్డుకొచ్చి రాద్దామంటే ఏ సీసా ఏదో కలిసిపోతుంది. ఐసు పెట్టెలో పెట్టి తీసుకురండి.

కలక మీటరు

టర్బిడిటీ మీటరు నీటి గుండా వెలుగు పంపి, 90 డిగ్రీల కోణంలో పక్కకి చెదిరిన వెలుగుని కొలుస్తుంది. వాడే ముందు ఫార్మజిన్ స్టాండర్డుతో, అంటే కలక ఎంతో ముందే తెలిసిన ద్రావణంతో, సరిచూసుకోవాలి. సీసాని మెల్లగా తలకిందులు చేసి తిప్పండి, గట్టిగా ఊపితే బుడగలు వచ్చి వాటిని కూడా మట్టి కింద లెక్క కడుతుంది. చిన్న గాజు వయల్ మీద వేలిముద్ర ఉన్నా అంకె మారుతుంది, మెత్తటి గుడ్డతో తుడవండి. ఇసుక ఉన్న నీరు వయల్లో చూస్తుండగానే కిందికి దిగిపోతుంది, కాబట్టి పోసిన వెంటనే చదవాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం కలక 1 ఎన్‌టీయూ మించకూడదు, వేరే నీటి వనరు లేకపోతే 5 దాకా ఒప్పుకుంటారు. ఇది కుళాయి నీటి లెక్క, జలాశయం నీటిది కాదు.

బరువు తూచడం

మట్టి ఎంతో నిజంగా చెప్పేది ఇదే. దీనికి గ్లాస్ ఫైబర్ ఫిల్టర్ కాగితాలు, వాక్యూమ్ పంపు, ఓవెన్, డెసికేటర్ (తేమ చేరకుండా చల్లార్చే మూత పాత్ర), గ్రాములో నాలుగో దశాంశం దాకా చూపే త్రాసు కావాలి. కొన్ని డిగ్రీ కాలేజీల కెమిస్ట్రీ ల్యాబుల్లో ఇవి ఉంటాయి. లెక్చరర్‌ని అడిగితే కాదనరు, పిల్లలకి ప్రాజెక్టు పని కూడా అవుతుంది.

ఫిల్టర్ కాగితాన్ని ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, 103 నుంచి 105 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి తూచండి. వేడి కాగితాన్ని తూస్తే గాలి పైకి లేచి బరువు తక్కువ చూపిస్తుంది. త్రాసు దగ్గర ఫ్యాన్ ఆపేయాలి, ఉక్కపోసినా సరే. కాగితాన్ని చేత్తో ముట్టుకోకుండా పట్టకారుతో పట్టుకోండి. తర్వాత నీటిని బాగా కుదిపి, కొలిచి, ఫిల్టర్‌లో పోయండి. పంపు ఆపకుండా డిస్టిల్డ్ వాటర్ పది మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు పోసి కడగండి, నీటిలో కరిగిన ఉప్పు కాగితంలో ఉండిపోతే అది కూడా మట్టి బరువులో కలుస్తుంది. మళ్ళీ అదే వేడిలో గంట, మళ్ళీ చల్లార్చడం, మళ్ళీ తూకం. రెండు వరస తూకాల మధ్య తేడా అర మిల్లీగ్రాము లోపు వచ్చేదాకా ఇది చేయాలి.

లెక్క సులువే. కాగితం బరువు 0.1112 గ్రాములు, మట్టితో 0.1356, పోసిన నీరు 250 మిల్లీలీటర్లు అనుకుందాం. తేడా 24.4 మిల్లీగ్రాములు. నాలుగుతో గుణిస్తే లీటరుకు 97.6 మిల్లీగ్రాములు. కాగితం మీద కనీసం రెండున్నర మిల్లీగ్రాములైనా మిగిలేటంత నీరు పోయాలి, లేకపోతే త్రాసు తడబాటే పెద్దదవుతుంది. అందుకే తేటనీరైతే లీటరు దాకా పోస్తాం, వరద నీరైతే వంద మిల్లీలీటర్లకే కాగితం మూసుకుపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. పెద్ద సీసాలోంచి కొంత నీరు మాత్రమే వంచితే ఇసుక అడుగునే ఉండిపోతుంది, మట్టి తక్కువ వస్తుంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2000లో ఇలా కొంత వంచే పద్ధతినీ, సీసా మొత్తం ఫిల్టర్ చేసే పద్ధతినీ పోల్చి చూసింది, ఇసుక ఎక్కువున్న నీళ్ళలో ఈ తేడా బాగా పెరుగుతుందని తేలింది. పెన్న కలిసే చోట పట్టిన సీసాలకి నా సలహా ఒకటే: చిన్న సీసాలో పట్టి మొత్తం నీరూ ఫిల్టర్ చేయండి, సీసా అడుగు కూడా కడిగి పోయండి. కట్ట దగ్గరికి వచ్చేసరికి ఇసుక ఎటూ దిగిపోయి ఉంటుంది, అక్కడ మామూలు పద్ధతి సరిపోతుంది.

పాచి ఎంత, మట్టి ఎంత అని విడదీయాలంటే అదే కాగితాన్ని 550 డిగ్రీల కొలిమిలో కాల్చి మళ్ళీ తూస్తారు. పోయిన బరువు పాచి, చెత్త కింద లెక్క. కానీ బంకమట్టి ఆ వేడికి తన లోపల పట్టుకున్న నీటిని కూడా వదిలేస్తుంది, అందుకే రేగడి మట్టి ఎక్కువున్న రోజుల్లో ఈ లెక్క పాచిని అసలు కంటే ఎక్కువ చేసి చూపిస్తుంది.

ల్యాబ్ లేనివాళ్ళు

ల్యాబ్ అందుబాటులో లేకపోయినా ఒక పని చేయొచ్చు. పొడుగాటి పారదర్శక సీసాలో నీరు నింపి, కదలని చోట పెట్టి, పైనుంచి ఒక జానెడు తేటపడ్డానికి ఎంతసేపు పట్టిందో రాయండి. నీరు 30 డిగ్రీల వేడి ఉంటే 20 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఒండ్రు రేణువు మీటరు దిగడానికి ముప్పావు గంట చాలు. 2 మైక్రాన్ల బంకమట్టికి రెండున్నర రోజులు కావాలి. ఒక మైక్రానుదైతే పది రోజులు. రేణువు సైజు సగమైతే దిగే వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. మా పెద్దవాళ్ళు కుండ లోపల చిల్లగింజ అరగదీసేది, మేము ఫిల్టర్ బెడ్‌లో పటిక వేసేది ఇందుకే. వాటి పని చిన్న రేణువుల్ని ఒకదానికొకటి అంటించి పెద్దవి చేయడం. మీ సీసా రోజంతా ఉంచినా తేటపడలేదంటే అది సన్న బంక అని అర్థం.

అంకెల్ని టన్నుల్లోకి మార్చడం

లీటరుకు ఒక మిల్లీగ్రాము అంటే ఘనపు మీటరుకు ఒక గ్రాము. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. కాబట్టి లీటరుకు 100 మిల్లీగ్రాముల మట్టి ఉన్న నీరు ఒక టీఎంసీ వస్తే దాంతో పాటు సుమారు 2,830 టన్నుల మట్టి వచ్చినట్టు. సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు. వచ్చిన నీటితో ఎంత మట్టి దిగింది, కండలేరు వరద కాలువ లాంటి కాలువలకీ కింద పెన్నకీ వదిలిన నీటితో ఎంత పోయింది, ఈ రెండూ కొలిస్తే మధ్యలో ఉండిపోయిందెంతో తెలుస్తుంది. అయితే నది అడుగున దొర్లుకుంటూ వచ్చే ఇసుక మీ సీసాల్లోకి రాదు. పూడిక మొత్తం లెక్కకి ఇంజనీర్లు శబ్దం పంపి లోతు తెలుసుకునే ఎకో సౌండర్లతో అడుగు లోతులు కొలవాల్సిందే.

నెలకి రెండు సార్లు కొలవండి. వరద వచ్చినప్పుడు మాత్రం గేట్ల దగ్గరికి పోకుండా, భద్రమైన ఒడ్డునుంచైనా సరే, వారం రోజులు రోజూ ఒక సీసా పట్టండి. ఏడాదిలో వచ్చే మట్టిలో పెద్ద భాగం ఆ కొద్ది రోజుల్లోనే దిగుతుంది. ఇరవై, ముప్పై సీసాలకి కలకా, బరువూ రెండూ కొలిచి గ్రాఫ్ మీద చుక్కలు పెడితే మన నీళ్ళకి సరిపోయే గీత దొరుకుతుంది, ఆ తర్వాత మీటరు చదివి బరువు అంచనా వేయొచ్చు. కృష్ణా నీళ్ళ కాలానికి ఒక గీత, ఎర్ర వరదకి ఇంకో గీత వేయండి. వేరే చెరువు గీత తెచ్చి ఇక్కడ పెట్టొద్దు.

యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహాల ఫోటోలు ఉచితంగా దొరుకుతాయి. రెండు ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకోసారి, పొద్దున పదిన్నర ప్రాంతంలో వస్తాయి, పది మీటర్ల మేర నేల ఒక చుక్కగా కనిపిస్తుంది. ఎరుపు బ్యాండు చూస్తే మట్టి నీరు ఎక్కడిదాకా పరుచుకుందో తెలుస్తుంది. మీరు పడవ ఎక్కే రోజుని ఉపగ్రహం వచ్చే రోజుకి కలుపుకోండి, అప్పుడే ఆ ఫోటోకి మీ కొలత తోడవుతుంది. నవంబరు మబ్బుల్లో దానికి ఏమీ కనిపించదు, అడుగున పాకే బురద ఏ కాలంలోనూ కనిపించదు. ఆ రెండింటికీ సీసా తప్ప వేరే దారి లేదు.

పుస్తకంలో ప్రతి కొలత పక్కన ఆ రోజు జలాశయంలో ఎన్ని టీఎంసీలున్నాయి, ఇన్‌ఫ్లో ఎంత, ఔట్‌ఫ్లో ఎంత, గాలి ఎలా ఉంది, క్రితం రోజు ఎక్కడ వాన పడింది అన్నవి రాయండి. తూచడం అయిపోయిన ఫిల్టర్ కాగితాలని పారేయొద్దు. ఒక్కోదాన్ని చిన్న కవర్లో పెట్టి తేదీ, చోటు, లోతు రాసి దాచండి. కాల్చినవాటి రంగు మారిపోతుంది కాబట్టి ప్రతి చోటా ఒకదాన్ని కాల్చకుండా విడిగా ఉంచండి. ఎర్రవి ఒక పక్క, నల్లవి ఒక పక్క పేర్చి చూస్తే ఆ ఏడాది మట్టి చెయ్యేరు వైపు నుంచి ఎక్కువ వచ్చిందా, కుందూ వైపు నుంచా అన్నది వానల రికార్డుతో సరిపోల్చుకోవచ్చు.